జపాన్ గీత, బ్రిటన్ గీత

బోర్డు మీద గీసింది గంట కొట్టగానే చెరిగిపోతుందని మనం అనుకుంటాం. ఎదురుగా కూర్చున్నవాళ్లు దాన్ని నోటుబుక్కులో ఎక్కించుకుని ఇంటికి పట్టుకుపోతారని, అది బస్సుల్లో, సంచుల్లో, ఊళ్లల్లో తిరుగుతుందని గుర్తుండదు. కొత్తగా కాలేజీల్లో చేరిన మీలాంటివాళ్లు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, అన్నేళ్ల ఉద్యోగంలో మరిచిపోలేని పాఠం ఏదని. నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. అసలు సంగతి ఇది.

నేను జగిత్యాలలో అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి. ఆదివారాలు మాత్రం ఒక వారం కోరుట్లలో, ఒక వారం సిరిసిల్లలో దూరవిద్య క్లాసులు తీసుకునేవాణ్ణి. పగలు పనిచేసుకుని డిగ్రీ చదివేవాళ్ల కోసం ఆ క్లాసులు. కోరుట్ల క్లాసుకు ఒక కట్టెల మిల్లు యజమాని వచ్చేవాడు. మేడిపల్లి దిక్కున వాళ్లకు బాగా భూములుండేవి. అన్నలు, అదే నక్సలైట్లు, ఊరికి రావడం మొదలైనంక ఆ కుటుంబం గడీకి తాళం వేసి కోరుట్లకు వచ్చి మిల్లు పెట్టుకుంది. ఒకరోజు క్లాసయ్యాక ఆయన నా చేతిలో ఒక పాత వ్యాపార పత్రిక పెట్టాడు.

"చూడుండ్రి సార్. మా దగ్గర ఒక్క టేకు దుంగ కొనాల్నంటె ఇటు సర్కారు కాయితం, అటు అన్నల హుకుం. గీ దేశాలేమో ఎక్కడెక్కడి అడవులల్ల కట్టెనో ఓడలకెత్తుకొని తెచ్చుకుంటున్నయి."

అందులో జపాన్, బ్రిటన్ దేశాలు ఏటేటా బయటినుంచి తెచ్చుకున్న గట్టి కలప విలువల పట్టిక ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. గణాంకాల పేపరులో రేఖాచిత్రం పాఠానికి అప్పటిదాకా ఏదో కాకినాడ ఓడరేవు ఎగుమతులు చెప్పి నెట్టుకొస్తున్నాను. టేకంటే మా వాళ్లందరికీ తెలుసు. పట్టిక కాగితం మీద రాసుకుని పత్రిక ఆయనకు తిరిగి ఇచ్చేశాను.

తరువాతి ఆదివారం సిరిసిల్లలో ఆ పాఠం చెప్పాను. ముందు పట్టిక డిక్టేట్ చేశాను. తరువాత బోర్డు మీద రెండు గీతలు గీశాను. ఒకటి ఏటేటా పైకి పోతుంది, రెండోది కొన్నాళ్లు నిలబడి తరువాత పడిపోతుంది. గీతల పక్కన దేశాల పేర్లు రాశాను. ఆ రోజు నాకు పదకొండు గంటల బస్సు తప్పిపోతుందన్న తొందర. పట్టిక కాగితం జేబులోనే పెట్టుకుని, ఆ బొమ్మను గుర్తున్నమటుకు గీసేశాను.

క్లాసులో ముప్పై ఏళ్ల నేత కార్మికుడొకడు ఉండేవాడు. సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు, మీరు పుస్తకాల్లో మరమగ్గాలు అంటారు కదా, అవే. స్వగ్రామం వీర్నపల్లి దగ్గర. శనివారం రాత్రి షిఫ్టు చేసి, నిద్రలేక ఎర్రబడిన కళ్లతో, ముందు బెంచీలో కూర్చునేవాడు. ఆ రోజు నేను పైకి పోయే గీత చూపించి, విలువ పెరిగింది కాబట్టి ఆ దేశం అంతకంతకూ ఎక్కువ కలప కొన్నట్టే కదా అన్నట్టుగా మాట్లాడాను. అతను చెయ్యెత్తాడు.

"సార్, విలువ పెరిగితే కట్టె ఎక్కువ వచ్చినట్టేనా? నూలు రేటు పెరిగితె మాకు పనిచ్చే ఆసామి బిల్లు పెరుగుతది. మేం నేసే బట్ట అంతే ఉంటది గదా."

మంచి ప్రశ్న. ఆ తేడా చెప్పడానికే ఆ పాఠం ఉంది, నేనే దాన్ని దాటేసి పోతున్నాను. క్లాసంతా అతని వైపు తిరిగింది. నేను నవ్వి, "గది వచ్చే క్లాసుల చెప్పుకుందాం" అని బస్సు కోసం పరుగెత్తాను.

ఆ రోజులు ఎట్లాంటివో మీకు పూర్తిగా తెలియకపోవచ్చు. వాగుల మీద కల్వర్టుల కింద మందుపాతరలు పేలేవి. ఊళ్లలోకి పోలీసులు వచ్చేవాళ్లు, అన్నలు వచ్చేవాళ్లు, ఇద్దరూ అడిగే ప్రశ్నలు ఒకటే: ఎవరొచ్చారు, ఎవరికి అన్నం పెట్టావు, ఎవరికి ఏం చెప్పావు. మేం చదువుకున్నవాళ్లం, జీతగాళ్లం. దేనికైనా "తెలువది" అనడం నేర్చుకున్నాం. అది మాకు ఇంకో సబ్జెక్టు.

ఆరు రోజులు గడిచాయి. ఆ శనివారం మధ్యాహ్నం కాలేజీ ఎదుట హోటల్లో చాయ తాగుతుంటే మామూలు బట్టల్లో ఉన్న ఒకతను వచ్చి నా బల్ల దగ్గరే కూర్చున్నాడు.

"సిరిసిల్లల ఆదివారం పాఠాలు చెప్పేది మీరే గదా సార్?"

"అవును."

"జ అని, బ్రి అని, మీ క్లాసుల ఏమన్న రాయించిండ్రా?"

అతనెవరో చెప్పలేదు, నేను అడగలేదు. ఇటువైపు మనిషైనా అటువైపు మనిషైనా మేలైన జవాబు ఒకటే. "లేదు. నాకు తెలువది" అన్నాను. అతను తలూపి లేచి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ రెండు అక్షరాలు వినగానే, ఒక్క క్షణం, బోర్డు మీద గీసిన ఆ బొమ్మ నా కళ్లముందు మెదిలింది. జపాన్, బ్రిటన్. నేను పూర్తి పేర్లు రాశాను కదా, పొడి అక్షరాలు రాయించలేదు కదా, కాబట్టి నేను చెప్పింది అబద్ధం కాదు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆదివారం కోరుట్ల క్లాసు హాయిగా చెప్పి వచ్చాను.

సోమవారం పొద్దున రెండో పీరియడ్ అయ్యేసరికి స్టాఫ్ రూము గడప దగ్గర ఒకామె నిలబడి ఉంది. చేతివేళ్లకు బీడీల తంబాకు మరక. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"సిరిసిల్లల లెక్కలు చెప్పే సారు మీరేనా?"

"నేనే అమ్మా. ఏమైంది?"

"మా ఆయన మీ క్లాసుకే అస్తడు సారూ. సాంచాలు నడుపుతడు. ఆయనను పట్కపోయిండ్రు."

గురువారంనాడు అతను తల్లిని చూడ్డానికి వీర్నపల్లి దిక్కు పోయాడట. అదే రోజు పోలీసులు ఊరును చుట్టుముట్టి ఇంటింటికీ వెదికారు. పరీక్ష దగ్గరపడుతోందని సంచిలో పెట్టుకుపోయిన నోటుబుక్కు వాళ్ల చేతికి చిక్కింది.

"దాంట్లె జ అంటె జగిత్యాల అంటున్నరట సారూ. బ్రి అంటె బ్రిడ్జి అంట. బ్రి పడిపోతది, సారుకు చెప్పాలె అని రాసుకున్నడట. బ్రిడ్జి ఎప్పుడు పడగొడ్తరు, గా సారు ఎవడు అని కొడ్తున్నరు. గిది పాఠం అయ్యా అంటె ఇనరు. నిన్న అన్నం పట్కపోతె ఒక జవాను చెప్పిండు. మీరచ్చి ఒక్క మాట చెప్పుండ్రి సారూ, గిది మా పాఠమే అని."

గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం. వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. శనివారం దగ్గర నా వేలు ఆగిపోయింది. హోటల్లో నేను చాయ తాగుతూ అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. "లేదు" అని నేను అన్నాక, అక్కడ నా విద్యార్థి "పాఠం" అన్న ప్రతిసారీ అది అబద్ధమైపోయింది.

ఇంత తెలిశాక కూడా నా నోట వచ్చిన మాటేమిటో వినండి.

"ఆ లెక్కలున్న పుస్తకం కోరుట్లల ఉన్నదమ్మా. ఇయ్యాల పోయి అది తీస్కొని రేపు పొద్దుగాల అస్త. సాక్ష్యం ఉంటె మంచిది."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"రేపటిదాక ఉంచుతరా సారూ?"

రిజిస్టర్లలో తలలు పెట్టుకున్న వాళ్లందరికీ ఆ ప్రశ్న అర్థమైంది. ఆ రోజుల్లో పేపర్లో ఎదురుకాల్పులు అన్న మాట లేని వారం ఉండేది కాదు.

కామర్స్ చెప్పే మిత్రుడొకాయన మూల కుర్చీలోంచి లేచాడు. మా ఇద్దరికీ పదేళ్ల స్నేహం. ఇంట్లో ఉర్దూ, క్లాసులో తెలుగు, నాతో రెండూ కలిపి మాట్లాడేవాడు. స్కూటర్ తాళం తీసి చేతిలో పట్టుకున్నాడు.

"భాయ్, పుస్తకం తరువాత చూస్కుందాం. ముందు మనిషి దగ్గరికి పోదాం పా."

ఆమెను బస్సెక్కించి మేం స్కూటర్ మీద బయలుదేరాం. ఆ ఠాణా ఏ ఊళ్లో ఉందో చెప్పను, ఇప్పుడు చెప్పి లాభం లేదు. దారిలో అతను ఒక్కసారే మాట్లాడాడు. "నా పేరు రాసుకుంటె నీకన్న రెండు సవాళ్లు ఎక్కువ అడుగుతరు. ఏం ఫరక్ లేదు, నువ్వు మాత్రం భయపడకు" అన్నాడు. అతనికి శనివారం సంగతి తెలియదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఠాణాలో ఇన్‌స్పెక్టర్ మా ప్రాంతంవాడు కాదు. మర్యాదగానే కుర్చీ చూపించాడు. నేను నా పేరు, ఉద్యోగం చెప్పి, ఆ నోటుబుక్కులో ఉన్నది నా పాఠమేనని చెప్పాను. ఆయన ఒక కాగితం తీసి చూశాడు.

"శనివారం మా మనిషి మిమ్మల్ని అడిగాడు. లేదన్నారు. ఇవాళ అవునంటున్నారు. ఈ రెండు రోజుల్లో మీకు ఎవరు చెప్పి పంపించారు మాస్టారూ?"

నా మిత్రుడు చటుక్కున నా వైపు తిరిగాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

"ఎవరూ పంపలేదు సార్. జ, బ్రి అని అడిగారు. నేను పూర్తి పేర్లు రాయించాను. అందుకని... భయపడ్డాను సార్."

"దేనికి భయం?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. గోడ మీద డ్యూటీలు రాసే నల్లబోర్డు చూపించాడు. జవాన్ల పేర్లు చెరిపించి, సుద్దముక్క నా చేతిలో పెట్టించాడు.

"ఏదీ, ఆ పాఠం ఇక్కడ చెప్పండి. ఏం చూడకుండా."

నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా విన్న క్లాసు ఇంకొకటి లేదు. ఇన్‌స్పెక్టర్, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లు, తుపాకీ పట్టుకున్న ఒక జవాను, నా మిత్రుడు. అడ్డగీత, నిలువుగీత గీశాను. అడుగున సంవత్సరాలు, పక్కన విలువలు అన్నాను. రెండు గీతలు గీసి పేర్లు రాశాను. ఆయన నోటుబుక్కు తెరిచి బోర్డుతో పోల్చి చూశాడు. నాకు కొంచెం ఊపిరి ఆడింది.

"బొమ్మ ఒకటే" అన్నాడు ఆయన. "కానీ మాస్టారూ, మీరు గీసినదాంట్లో పడిపోతున్నది జపాన్. పైకి పోతున్నది బ్రిటన్. ఇతను బొమ్మ కింద ఏం రాసుకున్నాడో వినండి. 'బ్రి పడిపోతది, జ కాదు. సారుకు చెప్పాలె.' మీ పాఠంలో పడిపోనిది ఇతని పుస్తకంలో ఎందుకు పడిపోతుంది? పాఠమైతే పాఠంలాగే ఉండాలి కదా?"

నేను బోర్డు వైపు చూశాను. పుస్తకం వైపు చూశాను. నేను చెప్పిన పాఠానికి విరుద్ధంగా నా విద్యార్థి ఎందుకు రాసుకున్నాడో నాకు నిజంగా తెలియదు. ఇతన్ని విడిపించడానికి వచ్చి నేనే ఉరి బిగించానా అనిపించింది.

"వాణ్ణి తీసుకురండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

గోడ పట్టుకుని వచ్చాడు. పాదాలు పూర్తిగా నేల మీద ఆన్చలేకపోతున్నాడు. కుడిచేతికి లుంగీ పీలిక చుట్టి ఉంది. నాలుగు రోజుల కిందటిదాకా ఈ మనిషి రోజుకు పన్నెండు గంటలు సాంచాల నడుమ తిరిగినవాడంటే నమ్మబుద్ధి కాలేదు. నన్ను చూసి, అలవాటు చొప్పున, ఆ పీలిక కట్టిన చేతినే పైకెత్తి నమస్తే పెట్టబోయాడు. నా మిత్రుడు పక్కకు తిరిగాడు.

ఇన్‌స్పెక్టర్ అతన్ని ఏమీ అడగలేదు. అడిగే అవసరం రాలేదు. అతని చూపు గోడ మీది బోర్డు మీద పడింది. కొంచెంసేపు దాన్నే చూశాడు. తరువాత, క్లాసులో మాట్లాడినంత మామూలుగా అన్నాడు.

"సార్, మల్ల ఉల్టా రాసిండ్రు."

"ఏంది?" అన్నాను.

"పేర్లు ఉల్టా పడ్డయి సార్. పైకి పోయేది జపాన్. మీరు చెప్పిన పట్టికల గట్లనే ఉన్నది. ఇంటికి పోయి బొమ్మ మల్ల గీయంగ చూసిన. అందుకే రాసుకున్న, మీకు చెప్పాలె అని. ముందటి పేజీ చూడుండ్రి."

ఇన్‌స్పెక్టర్ పేజీ వెనక్కి తిప్పాడు. అక్కడ నేను డిక్టేట్ చేసిన పట్టిక ఉంది, పైన జ అని ఒక వరస, బ్రి అని ఒక వరస. నాలుగు రోజులుగా వాళ్లు దాన్ని మందుగుండు సరుకు లెక్క అనుకున్నారట. ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి, ఒక తెల్లకాగితం మీద గీతలు గీసుకుని, పట్టిక చూస్తూ తనే చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. ఎప్పుడో కాలేజీలో లెక్కలు చదివినవాడై ఉండాలి, చెయ్యి తడుముకోలేదు. మొదటి చుక్క, రెండో చుక్క, మూడోది. నాలుగో చుక్క దగ్గర బ్రిటన్ గీత కిందికి దిగింది. ఆయన పెన్సిల్ బల్ల మీద పెట్టేశాడు.

నేను మాత్రం ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయాను. బస్సు తొందరలో పేర్లు అటుదిటు చేశాను. అది చేయకపోతే ఆ కింది వాక్యం పుట్టేదే కాదు. ఈ మనిషి ఇంటికి పోయి నా తప్పు పట్టుకున్నాడు, పట్టుకున్నందుకు ఇదంతా పడ్డాడు. తప్పు చేసినవాణ్ణి నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను.

సాయంత్రం అయిదింటికి వదిలేశారు. అది నా పాఠమేనని, పొరపాటు నాదేనని నాచేత రాయించి సంతకం పెట్టించుకున్నారు. "ఇకనుంచి పేర్లు పూర్తిగా రాసుకోమనండి మాస్టారూ" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అది సలహానో, క్షమాపణో నాకు తెలియలేదు. గుమ్మం దాకా వచ్చి నేత కార్మికుడు వెనక్కి తిరిగాడు.

"సార్, నా నోటుబుక్కు?"

"అది రికార్డు. ఇవ్వడం కుదరదు" అన్నారు లోపలినుంచి.

అప్పుడు మాత్రమే అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. భార్య వచ్చి జబ్బ పట్టుకుంది. ఇద్దరూ మెల్లగా బస్సు దగ్గరికి నడిచారు.

తిరుగుదారిలో నా మిత్రుడు స్కూటర్ ఒక పక్కకు ఆపి, "శనివారం నిన్ను అడిగిండ్రా?" అన్నాడు. "అడిగిండ్రు" అన్నాను. జగిత్యాలలో నన్ను ఇంటి ముందు దింపి వెళ్లిపోయాడు. మా స్నేహం పోలేదు. కానీ ఆ తరువాత చాలా నెలలు, స్టాఫ్ రూములో నేను ఏదైనా నీతి మాట్లాడబోతే ఆయన పేపర్ విప్పి ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు.

ఆ నేత కార్మికుడి సంగతి చెప్పాలి కదా. కుడిచేతి రెండు వేళ్లు సరిగ్గా మడతపడేవి కావు. తెగిన పోగు అతకాలంటే ఆ వేళ్లే కావాలి. సాంచాల పని పోయింది. కొన్నాళ్లు ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుట్టాడు. ఆ ఏడు పరీక్ష రాయలేదు. రెండేళ్లకు రాసి పాసయ్యాడు, తరువాత ఒక సహకార సంఘంలో గుమాస్తాగా చేరి అక్కడే రిటైరయ్యాడు. ఇవన్నీ నాకు వాళ్లూ వీళ్లూ చెప్పగా తెలిసినవి. నేను అతనితో కూర్చుని మాట్లాడింది ఒక్కసారే, అది జరిగిన నెల రోజులకు, సిరిసిల్లలో వాళ్లింట్లో.

అతనికి శనివారం సంగతి తెలియదనుకున్నాను. దాచిపెట్టుకుని ఇంక బతకలేక, చెప్పేద్దామని పోయాను. అతని భార్య చాయ పెట్టి, బీడీల చేట ముందేసుకుని మాకు కొంచెం దూరంలో కూర్చుంది. అతను అరుగు మీద కండెలు చుడుతున్నాడు. పక్కింట్లో సాంచాల చప్పుడు, గట్టిగా మాట్లాడితే తప్ప వినపడదు. మాటలు కూడదీసుకుని మొదలుపెట్టాను.

"తమ్మీ, నీకొక మాట చెప్పాలె. నువ్వు లోపల ఉన్నప్పుడు, శనివారంనాడు..."

"ఎరికే సార్" అన్నాడు, చేతిలో పని ఆపకుండా. "మీ పేరు నేను మొదటిదినమే చెప్పిన. దెబ్బలకు ఆగలేదు. శనివారం పొద్దుమూకంగ అచ్చి చెప్పిండ్రు, మీ సారు లేదన్నడు అని. గా రోజు జర ఎక్కువ కొట్టిండ్రు."

ఆమె చేతిలో బీడీ ఆకు ఆగింది. ఆ మాట తనకు కూడా అప్పుడే తెలిసిందని ఆమె ముఖం చూస్తే అర్థమైంది. నాకు తల ఎత్తాలనిపించలేదు. నాకు అడగగలిగింది ఒక్కటే మిగిలింది.

"గంత తెలిసి గూడ, ఆ దినం నన్ను చూసి నమస్తే పెట్టినవు. నోరు తెరిచి నా తప్పు దిద్దినవు. కోపం రాలేదా? ఎందుకు చెప్పినవు?"

అతను కండె ఆపి నా వైపు చూశాడు. ఆ ప్రశ్న అతనికి అర్థం కానట్టే ఉంది.

"బొమ్మ తప్పున్నది గదా సార్" అన్నాడు.